పురిటి ఇంటికి ఏ శానిటైజర్ కొనాలి?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. మనవరాలికి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాం, అరవై మంది దాకా వస్తారు. పాపను ముట్టుకునే ప్రతి ఒక్కరూ శానిటైజర్ రాసుకోవాల్సిందేనని అమ్మాయి పట్టుబడుతోంది. మందుల షాపుకి వెళ్తే ఆల్కహాల్ ఉన్నది, లేనిది, వేప-తులసిది, 99.9 శాతం అని రాసున్నది, ఇన్ని ముందు పెట్టారు. మావారు చవగ్గా వస్తోందని ఎక్కడో ఐదు లీటర్ల డబ్బా కొనుక్కొచ్చారు. దాని మీద ఒక పేరు తప్ప ఇంకేమీ రాసి లేదు, వాసన మాత్రం బాగా ఘాటు. అల్లుడేమో దాంట్లో కలబంద గుజ్జు కలిపితే చేతులకు మంచిదంటాడు. పెద్ద మనవడికి నాలుగేళ్లు, సీసా కనబడితే చాలు నొక్కుతూ కూర్చుంటాడు. గిన్నెలు తోమీ తోమీ నా చేతులు పగిలిపోయాయి, అది రాస్తే భగ్గుమని మంట. అన్నిటికన్నా, వియ్యాలవారిని గుమ్మంలో ఆపి చేతులకు మందు రాసుకోమంటే ఏమనుకుంటారోనని ఒకటే టెన్షన్. ఏది కొనాలి, ఎలా వాడాలి?

సమాధానం: అమ్మా, నమస్కారం. మనవరాలు పుట్టినందుకు ముందుగా సంతోషం.

మొదట ఆ ఐదు లీటర్ల డబ్బా సంగతి. దాన్ని ఇవాళే పక్కన పెట్టేయండి. పాపను ఎత్తుకునేవాళ్లే కాదు, ఇంట్లో ఎవరూ చేతులకు వాడొద్దు. మూత గట్టిగా బిగించి, పెద్ద మనవడికి అందని చోట, పొయ్యికి దూరంగా ఉంచండి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఇక కొనాల్సింది. లేబుల్ మీద ఇథైల్ ఆల్కహాల్ గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ 70 నుంచి 80 శాతం అని స్పష్టంగా రాసి ఉన్నది, గ్లిజరిన్ కలిపినది, సెంటు వాసన లేనిది చూసి అర లీటరు పంపు సీసా ఒకటి తీసుకోండి. అంతకు మించి అక్కర్లేదు. మీ ఇంట్లో కొళాయి ఉంది, సబ్బు ఉంది. పాపకు జబ్బు అంటకుండా చూసే పనిలో పెద్ద వాటా ఆ సబ్బుదే. శానిటైజర్ దానికి తోడు. ఈ వరస తారుమారైతే ఎంత మంచి సీసా కొన్నా ఉపయోగం ఉండదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రిలో నర్సుగా చేశాను. అందులో ఎక్కువ కాలం ఇన్‌ఫెక్షన్లు ఒకరి నుంచి ఒకరికి అంటకుండా చూసే విభాగంలోనే గడిచింది. మీ ఉత్తరంలో నన్ను పట్టేసింది సీసాల గొడవ కాదు, వియ్యాలవారు ఏమనుకుంటారోనన్న మాట. నిజానికి వైద్యంలో చేతులు కడుక్కోవడం ఒక నియమంగా మొదలైంది బాలింతల వల్లే. అప్పుడు కూడా ఇదే చిక్కు వచ్చింది.

1847లో వియన్నాలోని పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. ఒకదాంట్లో మంత్రసానులు, ఇంకోదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్లు పోసేవారు. డాక్టర్ల వార్డులోనే బాలింత జ్వరంతో ఎక్కువ మంది తల్లులు చనిపోయేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు దీని గురించి తెగ ఆలోచించాడు. శవాలను కోసి చూసే గదిలోంచి నేరుగా కాన్పుల గదికి వస్తున్నారు కాబట్టి, చేతులతో ఏదో మోసుకొస్తున్నారని గ్రహించాడు. అప్పటికి సూక్ష్మక్రిముల సంగతి ఎవరికీ తెలియదు. చేతులకు పట్టిన శవాల వాసనను వదిలించేది క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లు కాబట్టి, వాటితో చేతులు కడుక్కుని గానీ గర్భిణిని ముట్టుకోవద్దని నియమం పెట్టాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మందికి పైగా చనిపోతే, జూన్‌కి అది నూటికి రెండుకు పడిపోయింది. అయినా సాటి డాక్టర్లలో చాలామంది నొచ్చుకున్నారు. పెద్దమనుషుల చేతులు మురికివంటావా అన్నారు. కాబట్టి మీ మొహమాటం కొత్తది కాదు, చిన్నదీ కాదు. దానికి మన ఇళ్లలోనే ఒక మంచి దారి ఉంది, బారసాల ఏర్పాట్ల దగ్గర చెప్తాను.

సబ్బు ఎక్కడ, శానిటైజర్ ఎక్కడ అన్నది తేల్చుకుందాం. సబ్బు నురగ మురికినీ, జిడ్డునీ, వాటితో పాటు క్రిములనూ చర్మం మీద నుంచి ఊడదీస్తుంది, నీళ్లు వాటిని మోసుకుపోతాయి. చచ్చినా బతికినా చేతి మీద ఉండవు. శానిటైజర్ అలా కాదు. అది క్రిమిని ఉన్నచోటే చంపుతుంది, కానీ దేన్నీ కడిగేయదు. చేతికి నూనె ఉంటే, పిండి ఉంటే, మట్టి ఉంటే ఆల్కహాల్ ఆ పొర దాటి కిందికి సరిగ్గా వెళ్లదు. పాపకు నూనె మర్దన చేసి, సున్నిపిండితో నలుగు పెట్టిన చేతులకు శానిటైజర్ రాయడం వృథా. పాప గుడ్డలు మార్చాక, మీరు బాత్రూముకి వెళ్లొచ్చాక, వంట ముందు, పచ్చి మాంసం ముట్టుకున్నాక, అన్నం తినేముందు ఎప్పుడైనా సబ్బే. అమ్మాయి పాలిచ్చేముందు కూడా సబ్బుతో కడుక్కుంటే చాలు.

విరేచనాలు, వాంతులు తెప్పించే కొన్ని క్రిములకు ఆల్కహాల్ అంటే పెద్ద లెక్క లేదు. నోరోవైరస్ అలాంటిది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అలాంటిది. ఆసుపత్రుల్లో మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టే క్లోస్ట్రిడియం డిఫిసిల్ గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటుంది, దాన్ని కడిగేయడమే గానీ చంపడం ఆల్కహాల్ వల్ల కాదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు అవుతుంటే శానిటైజర్‌ని నమ్ముకోకండి. చేతులు కడుక్కోవడం వల్ల విరేచనాల జబ్బులు దాదాపు మూడో వంతు తగ్గుతాయని ఎన్నో దేశాల్లో జరిగిన పరిశీలనలు తేల్చాయి. దానికి మామూలు ఒంటి సబ్బు చాలు. యాంటీబ్యాక్టీరియల్ అని రాసున్న ఖరీదైన హ్యాండ్‌వాష్ అక్కర్లేదు. ట్రైక్లోసాన్ లాంటి 19 రసాయనాలు మామూలు సబ్బు కన్నా మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయని చెప్పి, అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ 2016లో వాటిని జనం వాడే సబ్బుల్లోంచి తీసేయించింది.

మరి శానిటైజర్ దేనికి పనికొస్తుందంటే, జలుబు చేసినట్టే చేసి చంటిపిల్లల ఊపిరితిత్తులకు ఎక్కే ఆర్‌ఎస్‌వీ, ఫ్లూ, కోవిడ్ లాంటి వైరస్‌ల మీద. వీటికి పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ తగలగానే అది చెదిరిపోతుంది. మామూలు బ్యాక్టీరియా చాలావరకు దీనికి లొంగుతుంది. చేతులు శుభ్రంగానే కనబడుతున్నాయి, ఇప్పుడే ఫోను పట్టుకున్నారు, తలుపు గొళ్లెం తీశారు, పాప ఏడుస్తోంది, కొళాయి దూరం. అదీ శానిటైజర్ వేళ. అందుకే దాన్ని పాప పడుకునే గదిలో పెద్దవాళ్ల చేతికి అందే చోట పెట్టండి, హాల్లో అలంకారంగా కాదు.

ఇప్పుడు లేబుల్ చదువుదాం. సీసా ముందు వైపు వదిలేయండి, అక్కడ ఆకుల బొమ్మలూ నీటి చుక్కలూ తప్ప పనికొచ్చేది ఉండదు. వెనక్కి తిప్పండి. చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, షాపులో నిలబడి నేను చేసేదీ అదే. కంపోజిషన్ అన్న మాట కింద ఇథనాల్, ఇథైల్ ఆల్కహాల్, ఐసోప్రొపనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 2-ప్రొపనాల్ వీటిలో ఏదో ఒకటి ఉండాలి, పక్కన శాతం ఉండాలి. మొదటి రెండూ ఒకే పదార్థం, మిగతా మూడూ ఒకే పదార్థం. రెండు రకాలూ మంచివే. ఆసుపత్రుల్లో వాడే కొన్నింటిలో 1-ప్రొపనాల్ కూడా కలుపుతారు, దాని గురించి భయం అక్కర్లేదు.

శాతం 60కి తగ్గితే పనికిరాదు. అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ చెప్పే కనీస హద్దు అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రులకు ఇచ్చిన రెండు ఫార్ములాల్లో ఒకదాంట్లో ఇథనాల్ 80 శాతం, ఇంకోదాంట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతం ఉంటాయి. రెండింట్లోనూ చర్మం కోసం గ్లిజరిన్ 1.45 శాతం, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125 శాతం. ఆ పెరాక్సైడ్ మన చేతుల కోసం కాదు, తయారీలో సీసాలోకి చేరిన మొండి క్రిముల కోసం. కొన్ని సీసాల మీద శాతం పక్కన వి/వి అనీ, కొన్నింటి మీద డబ్ల్యూ/డబ్ల్యూ అనీ ఉంటుంది. మొదటిది పరిమాణం లెక్క, రెండోది బరువు లెక్క. బరువు లెక్కలో 62 అంటే పరిమాణం లెక్కలో దాదాపు 70. కాబట్టి 62 డబ్ల్యూ/డబ్ల్యూ కనబడితే నాసిరకం అనుకోకండి.

శాతం ఎక్కువ ఉంటే ఇంకా మంచిదేమో, 99 శాతం స్పిరిట్ దొరికితే తెచ్చుకుందామని చాలామంది అడుగుతారు. వద్దు. గుడ్డు తెల్లసొన మీద స్పిరిట్ పోస్తే తెల్లగా గడ్డకడుతుంది. క్రిమిలోని ప్రొటీన్‌కి జరిగేదీ అదే. కానీ అది సరిగ్గా జరగడానికి కొంచెం నీళ్లు కావాలి. నీళ్లు లేని ఆల్కహాల్ పని పూర్తికాకముందే ఎగిరిపోతుంది, చర్మాన్ని కూడా పీల్చేస్తుంది. మరీ తక్కువైనా ఇంతే సంగతి. కరోనా రోజుల్లో ఇంట్లో ఉన్న విస్కీ చేతులకు రాసుకోవచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు. సీసా మీద చూడండి, 42.8 శాతం ఉంటుంది. చేతికి అది పనిచేయదు.

మీ అల్లుడుగారి కలబంద ఆలోచన కూడా ఇక్కడే దెబ్బతింటుంది. రెండు కప్పుల 70 శాతం శానిటైజర్‌లో ఒక కప్పు గుజ్జు కలిపితే మిగిలేది 47 శాతం కూడా కాదు. పైగా గుజ్జుతో పాటు ఏ క్రిములు సీసాలోకి వెళ్లాయో తెలియదు. ఆయన ఉద్దేశం మంచిదే. కలబంద చేతులకు విడిగా రాసుకోమనండి, సీసాలో మాత్రం ఏదీ కలపొద్దు. ఆఖర్న నీళ్లు పోసి కలిపి వాడటం కూడా వద్దు.

ఆల్కహాల్ లేనివాటిలో ఎక్కువగా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే రసాయనం ఉంటుంది. చేతికి మంట పుట్టదు, నిప్పు అంటుకోదు, చిన్నపిల్లల బడుల్లో అందుకే పెట్టుకుంటారు. కొన్ని బ్యాక్టీరియాల మీద పనిచేస్తుంది కూడా. కానీ అన్ని రకాల క్రిముల మీదా ఆల్కహాల్‌కి ఉన్నంత పట్టు దానికి లేదు. పచ్చి పసిగుడ్డు ఉన్న ఇంటికి నేను దాన్ని చెప్పను. వేప-తులసి సీసా సంగతికొస్తే, వెనకాల ఆల్కహాల్ శాతం సరిగ్గా ఉంటే పనికొస్తుంది, ఆ పని చేసేది ఆల్కహాలే. శాతం రాసి లేకపోతే అది మంచి వాసన నీళ్లు.

99.9 శాతం క్రిములను చంపుతుంది అన్న మాట గురించి కూడా ఒక లెక్క చెప్పుకుందాం. ప్రయోగశాలలో పది లక్షల క్రిములు తీసుకుంటే అందులో వెయ్యి మిగిలాయన్నమాట. పైగా అది వాళ్లు పరీక్షకు ఎంచుకున్న క్రిముల మీద, వాళ్లు వాడినంత మోతాదుకు, వాళ్లు ఉంచినంత సేపటికి. అబద్ధమని నేననను. అది ఆల్కహాల్ శాతం కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆ పెద్ద అంకె చూసి వెనక వైపు చదవకుండా కొనేసేవాళ్లు చాలామంది.

ఇప్పుడు ఆ డబ్బా. 2020 మార్చిలో శానిటైజర్ దొరక్క జనం ఎగబడ్డప్పుడు కేంద్రం దాన్ని నిత్యావసర సరుకుగా ప్రకటించి, 200 మిల్లీలీటర్లకు 100 రూపాయలు దాటకూడదని హద్దు పెట్టింది. గిరాకీ చూసి ఎక్కడెక్కడివాళ్లో తయారీకి దిగారు. మంచివాళ్లతో పాటు ఇథనాల్ బదులు మిథనాల్ పోసినవాళ్లూ వచ్చారు. మిథనాల్ కూడా ఒక ఆల్కహాలే. రంగు ఉండదు, వాసన చూసి మీరూ నేనూ తేడా కనిపెట్టలేం. పరిశ్రమల్లో ద్రావకంగా వాడతారు. కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2020 జూన్ నుంచి ఇలాంటి శానిటైజర్ల జాబితాలు విడుదల చేస్తూ వచ్చింది. వాటిలో చాలా సీసాల మీద ఇథనాల్ అనే రాసి ఉంది. అదే ఏడాది జులై చివర మన ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మేం రోజూ చేతులకు రాసుకునే వస్తువు, జనం ప్రాణాలు నిలవడానికని ఊరూరా పంచిన వస్తువు, కొన్ని ఇళ్లలో దీపం ఆర్పేసింది.

మీ డబ్బాలో మిథనాల్ ఉందని నేననడం లేదు. లేదని చెప్పడానికి మీ దగ్గర గానీ నా దగ్గర గానీ ఆధారం లేదు, అంతే. గోధుమ పిండి కలిపి చూడమనీ, టిష్యూ మీద పెన్నుతో గీసి పోయమనీ ఫోన్లలో తిరిగే చిట్కాలు ఆల్కహాల్ ఉందో లేదో కొంత చెప్తాయేమో గానీ, అది ఏ ఆల్కహాలో చెప్పలేవు. అందుకే సీసా మీద తయారీదారు పూర్తి చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలంటాను. రేపు తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కదా. డబ్బా కొన్నచోటే తిరిగి ఇచ్చేయమని మీవారికి చెప్పండి. తీసుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా మీ ప్రాంత డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో చెప్పండి. ఇంకో మాట, లేబుల్ బాగున్నా ఇంట్లో ఐదు లీటర్లు నిలవ ఉంచడం నాకు ఇష్టం లేదు. అది మంటలంటుకునే ద్రవం.

మంట మాట వచ్చింది కాబట్టి చెప్తాను, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన ఊళ్లలో మామూలు గది వేడికే శానిటైజర్ నుంచి అంటుకునే ఆవిరి లేస్తుంటుంది. దాని మంట లేత నీలంగా ఉంటుంది, పగటి వెలుతురులో కంటికి ఆనదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా దీపాలు పెట్టిన సందర్భంలో, చేతులకు శానిటైజర్ రాసుకుని దీపం ముట్టించొద్దని ప్రత్యేకంగా హెచ్చరించింది ఇందుకే. మీ ఇంట్లో ఇప్పుడు ఈ ప్రమాదం రెండింతలు. పూజగదిలో దీపం ఉంటుంది, బారసాల రోజు హారతి ఉంటుంది, పాపకు స్నానం చేయించాక సాంబ్రాణి నిప్పులు ఉంటాయి. చేతులు పూర్తిగా ఆరాకే నిప్పు దగ్గరికి వెళ్లాలి. పొయ్యి దగ్గర అయితే సబ్బు నీళ్లే. సాంబ్రాణి పొగ కూడా పసిపాప ముక్కుకి మంచిది కాదమ్మా, ఆ అలవాటు మానగలిగితే మానేయండి.

ఎంత రాసుకోవాలి, ఎంతసేపు రాసుకోవాలి అన్నది మీరు అడగలేదు గానీ, సీసా ఎంపిక కన్నా నేను ఎక్కువ పట్టించుకునేది దీన్నే. మా ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చేటప్పుడు శానిటైజర్‌లో ఒక మెరిసే రంగు కలిపేవాళ్లం. మామూలు వెలుతురులో కనబడదు. అందరూ ఎప్పట్లాగే రాసుకున్నాక ఒక్కొక్కరూ చేతులు నల్లటి పెట్టెలోకి పెట్టాలి, లోపల ఊదారంగు దీపం వెలుగుతుంటుంది. శానిటైజర్ తగిలిన చోటల్లా చెయ్యి నీలంగా మెరుస్తుంది, తగలని చోట నల్లగా మిగిలిపోతుంది. అరచేతులు అందరివీ వెన్నెల కాసినట్టు ఉండేవి. బొటనవేళ్లు మాత్రం మొదలు నుంచి చివరి దాకా నల్లగా, అతికించిన వేళ్లలా కనిపించేవి. వేళ్ల కొసలు, గోళ్ల చుట్టూ చీకటి. ఉంగరం కింద నల్లటి గీత. పదేళ్ల సర్వీసున్న నర్సులవీ అంతే, డాక్టర్లవీ అంతే, మొదటిసారి నాదీ అంతే. పాప బుగ్గ నిమిరేది, నోట్లో వేలు పెట్టేది, బొడ్డు దగ్గర తుడిచేది అరచెయ్యి కాదు కదమ్మా. ఆ కొసలే.

అందుకని ఒక చుక్క వేసుకుని రెండు అరచేతులు రుద్దుకుంటే సరిపోదు. సుమారు మూడు మిల్లీలీటర్లు కావాలి, అంటే టీస్పూనులో సగానికి కాస్త ఎక్కువ. చాలా పంపులు ఒక్క నొక్కుకి అంత ఇవ్వవు, రెండు నొక్కులు నొక్కండి. గుర్తు ఒక్కటే: 20 నుంచి 30 సెకన్ల పాటు చేతులు తడిగా ఉండాలి. పది సెకన్లకే ఆరిపోతే తక్కువ వేసుకున్నట్టు. ఒక్కో బొటనవేలిని రెండో పిడికిట్లో పట్టి తిప్పండి, వేళ్ల కొసలను ఎదుటి అరచేతిలో గుండ్రంగా రుద్దండి, మిగతావి ఎలాగూ తడుస్తాయి. చీర కొంగుకి తుడుచుకోవద్దు, దానంతటది ఆరాలి. చేతులు తడిగా ఉన్నప్పుడు రాయొద్దు, పలచబడిపోతుంది. పాపను చూసుకునే మీరిద్దరూ ఈ నెల రోజులు ఉంగరాలు తీసి బీరువాలో పెట్టండి. సబ్బుతో అయితే తడపడం, రుద్దడం, కడగడం, తుడవడం అన్నీ కలిపి 40 నుంచి 60 సెకన్లు. తుడుచుకోవడానికి ఉతికిన తువ్వాలు ఉండాలి, తడి చేతికి క్రిములు సులువుగా అంటుకుంటాయి.

పెద్ద మనవడి గురించి మీరు రాసింది చదివి నాకు కొంచెం భయం వేసింది. పంపు సీసా బల్ల మీద ఉంటే నాలుగేళ్ల పిల్లాడి కళ్లు సరిగ్గా దాని మూతి ఎత్తులో ఉంటాయి. నొక్కగానే కంట్లోకి చిమ్ముతుంది. కరోనా కాలంలో ఇలా కళ్లు దెబ్బతిన్న పిల్లలు చాలా దేశాల్లో ఆసుపత్రులకు వచ్చారు. పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కనీసం పదిహేను నిమిషాలు కడగండి, తర్వాత కంటి డాక్టరుకు చూపించండి. ఆరిన చెయ్యి నోట్లో పెట్టుకుంటే ఏమీ కాదు. కానీ గుక్కెడు తాగితే పిల్లల్లో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, 108కి ఫోన్ చేసి సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. చాక్లెట్ వాసన, స్ట్రాబెర్రీ వాసన, కార్టూన్ బొమ్మలు ఉన్నవి ఇంట్లోకి తేవద్దు. వాడికి సరదాగా ఉందంటే సబ్బు ఇచ్చి కొళాయి దగ్గర స్టూలు వేయండి, చెల్లిని ముట్టుకునేముందు నువ్వే మొదట కడుక్కోవాలని చెప్పండి. పాప చేతులకు మాత్రం శానిటైజర్ రాయనే కూడదు. తడిబట్టతో తుడిస్తే చాలు.

ఇక బారసాల. బయటి నుంచి వచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం మనకు మర్యాద, అవమానం కాదు. మీ అత్తగారి కాలంలో గుమ్మం పక్కన గంగాళంలో నీళ్లు, చెంబు ఉండే ఉంటాయి. పురిటి గదిలోకి కాళ్లూ చేతులూ కడుక్కోకుండా ఎవరినీ రానిచ్చేవారు కాదు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. దాన్నే మళ్లీ పెట్టండి. వాకిట్లో కొళాయి దగ్గర కొత్త సబ్బు, రెండు మూడు ఉతికిన తువ్వాళ్లు, కుర్రాళ్లెవరైనా ఒకరు నిలబడి "రండి బాబాయ్, కాళ్లు కడుక్కోండి" అంటే చాలు, చేతులు వాటంతటవే కడుగుతారు. వియ్యపురాలి దగ్గరికి మీరే చెంబు పట్టుకుని వెళ్లండి, ఆవిడకు అది గౌరవంగానే ఉంటుంది. లోపల ఉయ్యాల పక్కన శానిటైజర్ సీసా పెట్టి మీ అమ్మాయినే కూర్చోబెట్టండి. పాపను ఎత్తుకునేముందు తను రాసుకుని, అదే చేత్తో సీసా అత్తగారి వైపు జరిపితే ఎవరూ నొచ్చుకోరు. అరవై మందీ ఒక్కోసారి రాసుకున్నా అయ్యేది 180 మిల్లీలీటర్లు, అర లీటరు సీసాలో ఇంకా సగానికి పైగా మిగులుతుంది. నిజం చెప్పాలంటే అరవై మందీ పాపను ఎత్తుకోనక్కర్లేదు. ఉయ్యాలలో చూసి అక్షింతలు వేసి వెళ్తారు. జలుబు, దగ్గు, పెదవుల మీద పొక్కులు ఉన్నవాళ్లను మాత్రం దూరం నుంచే దీవించమనండి, ముద్దులు వద్దని గట్టిగానే చెప్పండి. గాలిలో వచ్చే తుమ్ముని ఏ సీసా ఆపలేదు. బారసాలలో పాప నాలుకకు తేనె రాసే ఆచారం మీకు ఉంటే దాన్ని ఆపేయండి. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం, అందులో ఉండే ఒక క్రిమి పేగుల్లో పెరిగి ఒళ్లు చచ్చుబడేలా చేయగలదు.

చివరగా మీ చేతులు. శానిటైజర్ వల్ల పగుళ్లు రాలేదమ్మా, గిన్నెల సబ్బు, వేడినీళ్ల వల్ల పగిలిన చర్మం మీద ఆల్కహాల్ పడి మండుతోంది. గ్లిజరిన్ ఉన్న శానిటైజర్ మాటిమాటికీ సబ్బు పెట్టడం కన్నా చర్మానికి నయం, కానీ పగుళ్లు మానేదాకా మీరు మామూలు నీళ్లు, తక్కువ ఘాటున్న ఒంటి సబ్బు వాడండి. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు గ్లవుజులు వేసుకోండి, బారసాల అయ్యేదాకా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పినా తప్పు లేదు. సబ్బుతో కడుక్కున్న వెంటనే మళ్లీ శానిటైజర్ రాయకండి, అవసరమూ లేదు. రాత్రి పడుకునేముందు చేతులు కొంచెం తడిగా ఉండగానే వాసన లేని వ్యాజలీన్ గానీ కొబ్బరినూనె గానీ పట్టించి, పాత నూలు సాక్సులు చేతులకు తొడుక్కుని పడుకోండి. వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది. పగుళ్లలోంచి రసి కారుతున్నా, ఎర్రగా వాచినా ఆగకుండా చర్మం డాక్టరుకు చూపించండి. అలాంటి చేతులతో పాపకు స్నానం చేయించే పని ఆ నాలుగు రోజులూ వేరేవాళ్లకు ఇవ్వండి.